కొత్త పగడాల ట్యాంకుకు ఎల్‌ఈడీ: వాట్ల లెక్క వేరు, వెలుతురు లెక్క వేరు

క్లుప్తంగా: సముద్రపు అక్వేరియంలో మొదటిసారి పగడాలు పెట్టేవారికి లైటు దగ్గరే గందరగోళం మొదలవుతుంది. పెట్టె మీద రాసిన వాట్లు, కెల్విన్లు పగడానికి అందే వెలుతురును చెప్పవు. తేలికగా బతికే మెత్తటి పగడాలకు కావలసిన వెలుతురు చాలామంది అనుకునేదానికంటే తక్కువ. విజయవాడ, గుంటూరు లాంటి చోట్ల ఆ తక్కువ వెలుతురును కూడా నీటి వేడితో కలిపి చూడాలి. నీళ్లు వేడెక్కిన కొద్దీ పగడం తట్టుకోగల వెలుతురు తగ్గిపోతుంది.

విజయవాడ, గుంటూరు అక్వేరియం షాపుల్లో ఎక్కువగా కనిపించేవి గోల్డ్‌ఫిష్, గప్పీ, ఫ్లవర్‌హార్న్ లాంటి మంచినీటి చేపలే. సముద్రపు ట్యాంకు పెట్టాలనుకునేవారు సాధారణంగా పగడాలను చెన్నై నుంచో బెంగళూరు నుంచో పార్సిల్‌లో తెప్పించుకుంటారు. లైటు ఆన్‌లైన్‌లో కొంటారు. ఆ పెట్టె మీద ‘165 వాట్లు’, ‘15,000 కెల్విన్’, ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అని ఉంటుంది కానీ, వాటిలో ఏది ఎంత ముఖ్యమో చెప్పేవాళ్లు దగ్గర్లో ఉండరు. దాంతో లైటును ఫుల్‌లో పెట్టేస్తారు. రెండు వారాలకు పగడం పాలిపోతుంది. వెలుతురు చాలలేదేమోనని ఇంకో లైటు తగిలిస్తారు. జబ్బు వెలుతురు ఎక్కువవడం వల్ల వస్తే, మందుగా ఇంకాస్త వెలుతురు పోసినట్టు అవుతుంది.

వెలుతురు ఎవరికి కావాలి?

పగడం జంతువు. వెలుతురు అవసరం దాని కణాల్లో కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలది. అవి కిరణజన్య సంయోగక్రియతో చక్కెరలు, కొవ్వులు తయారుచేసి అందులో చాలా భాగం పగడానికి ఇచ్చేస్తాయి. పగడం వదిలే కార్బన్ డయాక్సైడ్, అమోనియా వాటికి పనికొస్తాయి. వెలుతురు బాగా అందే చోట పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ శైవలాల నుంచే వస్తుందని శాస్త్రవేత్తల అంచనా. మిగతాది నీళ్లలో కొట్టుకొచ్చే చిన్న జీవులను పట్టి తినడం ద్వారా సమకూరుతుంది.

ఈ శైవలాలకు ఏ రంగు వెలుతురు కావాలో సముద్రమే నిర్ణయించింది. నీరు ఎరుపును ముందే మింగేస్తుంది. ఎంత తేటగా ఉన్న సముద్రంలోనైనా పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఎరుపు దాదాపు మిగలదు. నీలం మాత్రం ఎన్నో రెట్లు లోతుకు దిగుతుంది. శైవలాల్లో ఉండే క్లోరోఫిల్ ఎ, క్లోరోఫిల్ సి, పెరిడినిన్ అనే రంగుపదార్థాలు ఈ నీలాన్ని, నీలం కలిసిన ఆకుపచ్చను బాగా పట్టుకుంటాయి. పగడాల కోసం చేసే లైట్లలో నీలం చిప్పులు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో పగడాల దిబ్బ ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబులో కొంత భాగం కూడా ఇందులోనే దొరుకుతుంది. కృష్ణా డెల్టా తీరంలో ఒండ్రు కలిసిన నీళ్లలో వెలుతురు లోతుకు దిగదు. వానాకాలంలో నది నీరు కలిసి ఉప్పదనం పడిపోతుంది. అడుగున పగడం పట్టు దొరికించుకోవడానికి రాయి ఉండదు, ఇసుక, బురదే ఉంటాయి. దేశంలో పెద్ద పగడాల దిబ్బలు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ వైపు ఉన్నాయి. సూర్యలంక నుంచి క్యాన్లతో నీళ్లు తెచ్చి ట్యాంకులో పోయాలన్న ఆలోచన ఎందుకు పనికిరాదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. ఆర్‌ఓ నీటిలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుకుని, ఉప్పదనం లీటరుకు 35 గ్రాముల దగ్గర నిలుపుకోవడమే నికరం.

నియాన్ రంగుల సంగతి

వాట్సాప్‌లో వచ్చే పగడాల ఫొటోలు నియాన్ బల్బుల్లా మెరుస్తుంటాయి. ఆ మెరుపుకు, ఎదుగుదలకు నేరుగా సంబంధం లేదు. చాలా పగడాల్లో నీలం వెలుతురును పీల్చి ఆకుపచ్చగానో, నారింజగానో తిరిగి వదిలే ప్రోటీన్లు ఉంటాయి. ఇలాంటి ఆకుపచ్చ ప్రోటీన్‌ను మొదట ఒక జెల్లీఫిష్‌లో కనుగొన్నారు. దాని మీద జరిగిన పరిశోధనకు 2008లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. పగడాల్లోనూ అదే కుటుంబానికి చెందిన ప్రోటీన్లు ఉన్నట్టు 1999లో తేలింది.

నీలం మాత్రమే వెలిగించి, కెమెరాకు పసుపు ఫిల్టర్ పెట్టి తీస్తే ఈ మెరుపు బాగా పడుతుంది. అదే పగడం తెల్లటి లైటు కింద గోధుమ రంగులో మామూలుగా కనిపించవచ్చు. ఫొటో చూసి కొన్నవారు ‘రంగు దిగిపోయింది’ అని కంగారుపడి లైటు పెంచడం తరచూ జరిగే పొరపాటు. అమ్మేవారిని తెల్లటి లైటు కింద తీసిన ఇంకో ఫొటో కూడా అడగడం మేలు.

పెట్టె మీది అంకెలు దాచే విషయం

వాట్లు అంటే లైటు తాగే కరెంటు. అది ఎంత వెలుతురుగా మారుతుందన్నది చిప్పు నాణ్యతను బట్టి ఉంటుంది. పైగా చవక రకం ‘బ్లాక్ బాక్స్’ లైట్ల మీద రాసే 165 అన్న అంకె 55 చిప్పులను ఒక్కోటి 3 వాట్ల చొప్పున గుణించి వేసిందే. ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే అంతకంటే బాగా తక్కువే చూపిస్తుంది.

కెల్విన్ అనేది వెలుతురు మన కంటికి ఎంత నీలంగా, ఎంత పసుపుగా కనిపిస్తుందో చెప్పే కొలత. అందులో ఎంత మోతాదు ఉందో అది చెప్పదు. లక్స్‌ది ఇంకో ఇబ్బంది. అది మనిషి కంటి కోసం పుట్టిన కొలత కాబట్టి ఆకుపచ్చ, పసుపు వైపు ఎక్కువ మార్కులు వేసి నీలానికి బాగా తక్కువ వేస్తుంది. పగడానికి ఇష్టమైన నీలం లైటు కింద లక్స్ మీటరు చిన్న అంకె చూపించి ‘వెలుతురు తక్కువ’ అన్న భ్రమ కలిగిస్తుంది.

పగడాల విషయంలో పనికొచ్చే కొలత పార్ (PAR). 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న వెలుతురు కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడుతున్నాయో ఇది లెక్కపెడుతుంది. ప్రమాణం మైక్రోమోల్. మిట్టమధ్యాహ్నం నిండు ఎండ ఈ లెక్కలో సుమారు 2,000 ఉంటుంది. నీళ్లలో ముంచే పార్ మీటరు ఖరీదైనదే కానీ, అందరికీ సొంతంగా అక్కర్లేదు. సముద్రపు ట్యాంకులు ఉన్న నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుక్కుని వంతులవారీగా వాడుకుంటే సరిపోతుంది, ఎందుకంటే లైటు ఒకసారి కొలిచి అమర్చాక దానితో పెద్దగా పని ఉండదు.

మీటరు లేనివారికి ఫోన్‌లోని లక్స్ యాప్ ఒక పరిమిత పనికి ఉపయోగపడుతుంది. ట్యాంకులో నీళ్లు పోయకముందే లైటు బిగించి, ఫోన్‌ను అడుగున పది పన్నెండు చోట్ల పెట్టి చూడాలి. వచ్చే అంకెకు సొంతంగా విలువ లేదు కానీ, మధ్యలో ఎంత, మూలలో ఎంత అన్న నిష్పత్తి దాదాపు నిజమే. మధ్యలో మూలకంటే నాలుగు రెట్లు ఎక్కువ ఉంటే, పగడాలను ఎక్కడ పెట్టకూడదో కాగితం మీద గుర్తు వేసుకోవచ్చు.

ఎల్‌ఈడీ ఎందుకు ముందుకొచ్చింది?

ఒకప్పుడు పగడాల ట్యాంకు అంటే 150, 250, 400 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలు, లేదంటే టీ5 ట్యూబులు. మెటల్ హాలైడ్ వెలుతురు బాగుండేది కానీ దాని వేడి కిరణాలు నేరుగా నీళ్లలో పడేవి. ట్యూబులను కొన్ని నెలలకోసారి మార్చాల్సి వచ్చేది. 1990లలో ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఈడీ సాధ్యం కావడంతో పరిస్థితి మారింది. దానికి అకాసాకి, అమానో, నకామురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. పగడాలకు కావలసిన రంగే ఎల్‌ఈడీ సమర్థంగా ఇచ్చే రంగు కావడం కలిసొచ్చింది.

మన ప్రాంతానికి ఎల్‌ఈడీ వల్ల ఇంకో మేలు ఉంది. వెలుతురుగా మారని కరెంటు చిప్పు వెనకున్న అల్యూమినియం రెక్కల్లోంచి గది గాలిలోకి పోతుంది. నీళ్లలోకి దిగేది వెలుతురు రూపంలోని శక్తి మాత్రమే. చిక్కు ఏమిటంటే, ఎల్‌ఈడీ కింద ట్యాంకు నీలంగా, కాస్త మసకగా కనిపిస్తుంది. పాత దీపాల కింద కళ్లు జిగేలుమనే వెలుగు చూసినవారికి ఇది చాలనట్టే ఉంటుంది. నీలం మీద మన కంటి తీర్పు నమ్మదగింది కాదు.

మొదట ఏ పగడాలు, వాటికి ఎంత?

మొదటిసారి పెట్టేవారికి తగినవి మెత్తటి పగడాలు: మష్రూమ్, జోయాంథిడ్, గ్రీన్ స్టార్ పాలిప్, కెన్యా ట్రీ, లెదర్ కోరల్. పెంపకందారుల్లో ఎక్కువమంది అంగీకరించే పార్ హద్దులు ఇలా ఉంటాయి. మష్రూమ్‌లకు 30 నుంచి 80 చాలు. జోయాంథిడ్, గ్రీన్ స్టార్ పాలిప్, లెదర్ కోరల్ లాంటివి 60 నుంచి 150 మధ్యలో హాయిగా ఉంటాయి. 200 దాటిన వెలుతురు కోరేవి కొమ్మల రాతి పగడాలు. వాటి జోలికి కొత్తవారు పోనక్కర్లేదు.

పోకూడదనడానికి చట్టం కూడా ఒక కారణం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, దిబ్బలు కట్టే రాతి పగడాలను, నల్ల పగడాలను, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్ రకాలను 2001లో షెడ్యూల్ 1లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. మన సముద్రం నుంచి తీసిన రాతి పగడాన్ని కొన్నా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. అందుకు కనీసం మూడేళ్ల జైలు శిక్ష ఉంటుంది. చచ్చిన పగడపు రాయి కూడా ఇదే కిందికి వస్తుంది కాబట్టి ‘లైవ్ రాక్’ పేరుతో అమ్మే సముద్రపు రాళ్ల కంటే సిరామిక్ రాళ్లు వాడుకోవడం క్షేమం. ఈ విషయంలో షాపువాళ్ల మాట కంటే బిల్లు ముఖ్యం.

జోయాంథిడ్‌ల గురించి ఒక జాగ్రత్త. వీటిలో కొన్ని రకాల్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ముక్కలు కోసేటప్పుడు, రాయి రుద్దేటప్పుడు చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పనిసరి. ఆ రాయిని వేడినీళ్లలో మరిగించడం మరీ ప్రమాదం, ఆవిరితో విషం ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

రెండడుగుల ట్యాంకుకు లెక్క

60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న ట్యాంకును తీసుకుందాం. నిండా పోస్తే 121 లీటర్లు, రాళ్లు, ఇసుక పోను సుమారు 100 లీటర్ల నీళ్లు. పై విస్తీర్ణం 0.27 చదరపు మీటర్లు.

మంచి నీలం చిప్పు ఒక వాటు కరెంటుకు సెకనుకు సుమారు 2 మైక్రోమోల్స్ వెలుతురు ఇస్తుంది. అంటే 50 వాట్ల లైటు 100 ఇస్తుంది. ఇదంతా నీటి మీదే పడితే 100ను 0.27తో భాగించగా 370 వస్తుంది. బయటికి చెదిరేది, నీటి మీద తళుక్కున వెనక్కి పోయేది, అద్దం మీద నాచు మింగేది కలిపి సగం పోయిందనుకున్నా 185 మిగులుతుంది. మెత్తటి పగడాలకు కావలసిన దానికి ఇదే ఎక్కువ. 50 వాట్ల నికరమైన లైటును 60 శాతం దగ్గర నడిపినా సరిపోతుందన్నమాట.

ఇప్పుడు ‘165 వాట్ల’ బ్లాక్ బాక్స్‌ను ఇదే ట్యాంకు మీద పెడదాం. అది నిజంగా 110 వాట్లే తీసుకుంటూ, వాటుకు 1.5 మైక్రోమోల్సే ఇస్తుందనుకున్నా, మొత్తం 165 మైక్రోమోల్స్. నీటి మీద సగటు 600 దాటుతుంది. లెన్సులు దాన్ని మధ్యలోకి గుమికూర్చడంతో నడిబొడ్డున ఇంకా ఎక్కువ. ఆ కింద 50 చాలే మష్రూమ్‌ను పెట్టి, నాబ్ చివరిదాకా తిప్పితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ లైటు చెడ్డదని కాదు. నాలుగడుగుల ట్యాంకు మీద, లేదా నాబ్‌ను అయిదో వంతు దగ్గర ఉంచి ఎత్తులో వేలాడదీస్తే అదీ పనిచేస్తుంది. తెలుపు, నీలం నాబ్‌లు విడిగా ఉన్నవి కొనడం ముఖ్యం. నీలాన్ని ప్రధానంగా నడిపి తెలుపును అందులో మూడో వంతుకు మించకుండా ఉంచితే కంటికీ బాగుంటుంది, నాచూ అదుపులో ఉంటుంది.

ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే తెల్ల ఫ్లడ్ లైటు, మొక్కల ట్యాంకుల కోసం చేసిన ఎరుపు కలిసిన లైటు వాడవచ్చా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. తెల్ల ఎల్‌ఈడీలోనూ నీలం చిప్పే ఉంటుంది కాబట్టి మష్రూమ్ లాంటివి బతుకుతాయి. రంగులు మాత్రం తేలవు, కొత్త ట్యాంకులో నాచు ముందు అందుకుంటుంది. తాత్కాలికంగా పర్వాలేదు, కావాలని ఎంచుకోవలసింది మాత్రం కాదు.

ఎత్తు, లెన్సు

90 డిగ్రీల లెన్సు ఉన్న లైటును నీటికి ఎంత ఎత్తులో పెడితే నీటి మీద వెలుతురు వలయం అంతకు రెట్టింపు వెడల్పు ఉంటుంది. 30 సెంటీమీటర్ల ఎత్తుకు 60 సెంటీమీటర్ల వలయం, అంటే రెండడుగుల ట్యాంకు పొడవంతా. అదే 15 దగ్గర పెడితే వలయం సగమై, అదే వెలుతురు నాలుగో వంతు విస్తీర్ణంలో కుక్కుకుంటుంది. లైటును కిందికి దించడం అంటే మోతాదు నాలుగు రెట్లు చేయడమన్న సంగతి స్టాండ్ స్క్రూ తిప్పేటప్పుడు గుర్తుకు రాదు. సాధారణంగా 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు సౌకర్యం. ఉప్పు తుంపర్లు కూడా లైటు మీద తక్కువ పడతాయి.

ఎక్కువైతే లోపల జరిగేది

వెలుతురు తక్కువైతే శైవలాలు తమలో రంగుపదార్థాన్ని పెంచుకుంటాయి. పగడం ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, జోయాంథిడ్ కాడలు సాగుతాయి. ఇది వారాల తరబడి సాగే నెమ్మది వ్యవహారం, సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది.

ఎక్కువైనప్పుడు అంత వ్యవధి ఉండదు. శైవలాలు పట్టుకున్న శక్తిని వాడుకోగలిగినంత వాడుకుని, మిగిలినదాన్ని వేడిగా వదిలేస్తాయి. ఆ దారి కూడా చాలనప్పుడు మిగులు శక్తి ఆక్సిజన్‌ను చురుకైన, హానికర రూపాల్లోకి మారుస్తుంది. అవి శైవలంలోని యంత్రాంగాన్ని, తర్వాత పగడపు కణాన్ని దెబ్బతీస్తాయి. పగడం ఆ శైవలాలను బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి తెల్లబడటం, అంటే బ్లీచింగ్, ఇదే. షేడ్ నెట్ కింద పెరిగిన నర్సరీ మొక్కను ఒక్కసారిగా డాబా మీద ఎండలో పెడితే ఆకు మాడిపోవడం లాంటిదే ఇది. మొక్కకు ఎండ పడదని కాదు, అలవాటు పడే గడువు ఇవ్వలేదంతే.

పార్సిల్‌లో వచ్చే పగడానికి ఆ గడువు మరీ అవసరం. రాత్రంతా చీకటి సంచిలో ప్రయాణించి వచ్చినదాన్ని అడుగున ఇసుక మీద, మూలకు పెట్టాలి. లైటును 20, 30 శాతం దగ్గర రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టి, వారానికి అయిదు శాతం చొప్పున పెంచుతూ నెలా నెలన్నరలో అనుకున్న చోటికి చేరాలి. వెలుగు గంటలను చివరికి ఎనిమిది నుంచి పది మధ్య నిలపవచ్చు. 100 పార్ వెలుతురును ఎనిమిది గంటలు ఇస్తే రోజుకు చదరపు మీటరుకు 2.9 మోల్స్ అవుతుంది. గంటలు తగ్గించినా ఈ మొత్తమే తగ్గుతుంది కాబట్టి, డిమ్మర్ లేని లైటు ఉన్నవారు టైమర్‌తో కొంత సర్దుకోవచ్చు. కొంతే, ఎందుకంటే ఒక్క గంటలోనే మాడ్చేంత తీవ్రత ఉంటే గంటలు తగ్గించి లాభం లేదు.

రోహిణి కార్తె లెక్క

సముద్రంలో వేసవి గరిష్ఠం కంటే నీరు ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిస్తే పగడాలు తెల్లబడతాయి. వేడి శైవలాల యంత్రాంగాన్ని కుంటుపరుస్తుంది. నిన్నటిదాకా సరిపోయిన వెలుతురే ఇవాళ మిగులు అవుతుంది. లైటు మోతాదు అనేది ఒక స్థిరమైన అంకె కాదు, నీటి ఉష్ణోగ్రతతో మారే అంకె. లైట్ల గురించి చల్లటి దేశాల నుంచి వచ్చే సలహాల్లో ఈ మాట పెద్దగా వినిపించదు. వాళ్ల గదుల్లో హీటరుతోనే పని.

పగడాల ట్యాంకు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో విజయవాడ పై అంతస్తు ఇంట్లో, ఏసీ లేని గదిలో ఆ అంకె అందదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఇక్కడ లైటును నిందించడం తేలిక కానీ, లెక్క వేస్తే అది చిన్న దోషి. 50 వాట్ల ఎల్‌ఈడీలో సగం, అంటే 25 వాట్లు, నీళ్లలోకి దిగి ఎనిమిది గంటల్లో 200 వాట్-అవర్ల వేడి అవుతుంది. 100 లీటర్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 116 కావాలి. ఏ వేడీ బయటికి పోలేదనుకున్నా పెరిగేది డిగ్రీన్నర పైచిలుకు. 36 డిగ్రీల గది, రాత్రింబవళ్లు నీళ్లలోనే తిరిగే పంపులు అంతకంటే పెద్ద భారం.

నీటి మీదికి ఫ్యాన్ తిప్పడం చవకైన ఉపాయం. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడిని వెంట తీసుకుపోతుంది. కానీ ఫ్యాన్‌తో నీరు ఒక హద్దు కంటే కిందికి చల్లబడదు. గాలిలోని తేమ ఆ హద్దును నిర్ణయిస్తుంది. 42 డిగ్రీల వేడి, 30 శాతం తేమ ఉన్న వడగాడ్పుల మధ్యాహ్నం ఆ హద్దు సుమారు 27 డిగ్రీలు. 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న శ్రావణమాసపు ఉక్కపోతలో అది 30 దాకా ఉంటుంది. నిజానికి నీరు ఆ హద్దు కంటే ఒకటి రెండు డిగ్రీలు పైనే ఆగిపోతుంది. మే నెలలో ఎంతో కొంత ఆదుకున్న ఫ్యాన్, వానలు పడి చల్లబడిందనుకున్న ఆగస్టులో చేతులెత్తేయడానికి కారణం ఇదే. పైగా రెండు లీటర్లు ఆవిరైతే 35 ఉన్న ఉప్పదనం 35.7 అవుతుంది. పోయినంత నీటిని ఉప్పు కలపని ఆర్‌ఓ నీటితో రోజూ నింపాలి.

కాబట్టి కోస్తాలో ఏడాది పొడవునా పగడాలు నిలవాలంటే చిల్లర్, అంటే నీటిని చల్లబరిచే యంత్రం, కావాలి, లేదా పగలూ రాత్రీ నడిచే ఏసీ గది కావాలి. రాత్రి మాత్రమే ఏసీ వేసే పడకగదిలో ఉష్ణోగ్రత రోజూ ఎక్కి దిగుతుంటుంది, అదీ మంచిది కాదు. కరెంటు బిల్లు లెక్కలోనూ చిల్లర్‌దే పెద్ద వాటా. 50 వాట్ల లైటు ఎనిమిది గంటల చొప్పున నెలకు 12 యూనిట్లు కాలుస్తుంది. 200 వాట్ల చిల్లర్ రోజుకు పది గంటలు ఆడితే 60 యూనిట్లు. పరిమితమైన బడ్జెట్ ఉన్నవారు ముందు చిల్లర్‌కు డబ్బు తీసి, మిగిలినదాంతో ఓ మాదిరి లైటు కొనడమే సరైన వరస. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు.

లైటు వెలిగే వేళలను మార్చడం మాత్రం పైసా ఖర్చు లేని పని. పగడానికి గడియారంతో పట్టింపు లేదు, వెలుగూ చీకటీ రోజూ ఒకే వేళకు వస్తే చాలు. వేసవిలో సాయంత్రం నాలుగింటి నుంచి అర్ధరాత్రి దాకా వెలిగేలా టైమర్ పెడితే, మిట్టమధ్యాహ్నపు వేడి, లైటు తీవ్రత ఒకేసారి మీద పడవు. ఆఫీసు నుంచి వచ్చాక చూసుకోవడానికీ వీలు. ట్యాంకును పడమటి కిటికీకి దూరంగా పెట్టడం కూడా ఇందులో భాగమే. వాలుగా పడే సాయంత్రపు ఎండ కూడా పగడాల లైటుకు సాటి వస్తుంది. నీళ్లు 29 దాటిన రోజుల్లో లైటును మూడో వంతు తగ్గించడం, తగ్గాక మళ్లీ మెల్లగా పెంచడం బ్లీచింగ్ నుంచి కాపాడే తేలిక ఉపాయం.

కరెంటు పోయినప్పుడు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి పరిస్థితిలో ఇన్వర్టర్ మీద ఏది నడపాలన్న ప్రశ్నకు జవాబు స్పష్టం: లైటు కాదు, నీటి కదలిక. రెండు రోజులు చీకటిగా ఉన్నా పగడం తట్టుకుంటుంది. మబ్బు పట్టిన వారాలు సముద్రంలోనూ వస్తాయి. నీళ్లు నిలిచిపోతే మాత్రం, ముఖ్యంగా వేడి నీళ్లలో, ఆక్సిజన్ గంటల్లో పడిపోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. కరెంటు వచ్చాక లైటు నేరుగా నిండుగా వెలగకుండా, మెల్లగా పెరిగే సెట్టింగ్‌లో ఉంచడం మంచిది.

ఉప్పునీళ్లు కరెంటును మంచినీళ్ల కంటే బాగా మోస్తాయి కాబట్టి వైరింగ్‌లో అశ్రద్ధ పనికిరాదు. ట్యాంకు లైనుకు 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, ఉండాలి. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వంపు తిరిగి మళ్లీ పైకి వెళ్లేలా వదలాలి. అప్పుడు తీగ వెంట జారిన చుక్క ఆ వంపులో కింద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. ఎక్స్‌టెన్షన్ బాక్సును ట్యాంకు కింద నేల మీద పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దాన్ని గోడకు, ఎత్తులో బిగించడం అరగంట పని.

పగడం ఇచ్చే గుర్తులు

మీటరు ఉన్నా లేకపోయినా చివరికి చూడవలసింది పగడాన్నే. మష్రూమ్ అంచులు లోపలికి ముడుచుకుని చిన్నదైపోతుంటే వెలుతురు ఎక్కువైంది. కాడ సాగదీసుకుని గరాటులా పైకి లేస్తుంటే తక్కువైంది. జోయాంథిడ్‌లు పగలు మూసుకుని లైటు మసకబారే వేళకు విచ్చుకుంటే మోతాదు ఎక్కువని చెప్పవచ్చు. రంగు మెల్లగా పాలిపోవడానికి వెలుతురు ఒక్కటే కారణం కాదు. నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు చేరినా శైవలాలకు పోషకాలు చాలక ఇదే జరుగుతుంది. అందుకే నాబ్ తిప్పేముందు నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, నైట్రేట్ చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి వారం పది రోజులు ఆగాలి. శైవలాలు కొత్త వెలుతురుకు సర్దుకోవడానికి అంత సమయం పడుతుంది.

కొత్తవారిని అనవసరంగా టెన్షన్ పెట్టేది లెదర్ కోరల్. అది అప్పుడప్పుడు పాలిప్‌లన్నీ, అంటే పైన పువ్వుల్లా విచ్చుకునే చిన్న భాగాలన్నీ, లోపలికి లాక్కుని, పైన మైనం పూసినట్టు మెరిసే పొరతో రోజుల తరబడి అలాగే ఉంటుంది. చచ్చిపోయిందనుకుని తీసి పారేసేవారూ ఉన్నారు. అది పాత పొరను, దాని మీద పేరుకున్న నాచుతో సహా విడిచే పద్ధతి. నీటి ప్రవాహాన్ని కాస్త దాని వైపు తిప్పితే పొర ఊడి కొట్టుకుపోతుంది, పాలిప్‌లు మళ్లీ వస్తాయి. లైటును ముట్టుకోనక్కర్లేదు.